కన్ను చూపించాలి, తీగ దాచాలి

దుబాయ్‌లోని జెబెల్ అలీలో రాత్రి పదకొండయితే మా జగిత్యాలలో పన్నెండున్నర. క్యాంపులో లైట్లు ఆర్పేశాక రెండంతస్తుల మంచం మీద పడుకుని, ఫోన్‌లో ఇంటి వాకిలి ఒకసారి చూసుకుని కళ్లు మూసుకోవడం గల్ఫులో ఉన్న మా వైపు వాళ్లలో చాలామందికి అలవాటు. నాకూ ఉండేది. ఒకరోజు అలా చూస్తే వాకిలి లేదు. తెర నిండా తెల్లటి ఆకు ఒకటి ట్యూబులైటులా మెరుస్తోంది.

రెండు రోజుల ముందే మా బామ్మర్ది ఫోన్ చేశాడు. "బావా, కెమెరా ఎవ్వనికీ కనబడకుండ కాగితంపూల చెట్టుల పెట్టిన. దొంగోడు ముందల నిలబడ్డా పోల్చుకోలేడు" అని సంబరంగా చెప్పాడు. పగలు చూస్తే బొమ్మ బాగానే ఉంది, నేనూ సరేనన్నాను. వారం తిరక్కుండానే వాకిట్లో పెట్టిన స్కూటర్ పోయింది. రికార్డింగ్ వెనక్కి తిప్పి చూశాం. ఆకు మెరుస్తూనే ఉంది. దాని వెనక చీకటి ఒకసారి కదిలింది. అంతకుమించి ఏమీ లేదు.

అప్పుడు నేను జెబెల్ అలీలో చేస్తున్న పని కెమెరాలు బిగించడమే. పగలంతా ఎవరి గోదాముకో సరిగ్గా బిగించి, నా ఇంటికి ఒక్క మాట చెప్పలేకపోయానన్న బాధ ఇప్పటికీ ఉంది. ఆ మాట ఇప్పుడు అందరికీ చెబుతున్నాను.

చీకట్లో చూసే కెమెరా తన దీపం తనే వెలిగించుకుంటుంది. కటకం చుట్టూ ఉండే చిన్న చిన్న ఎల్‌ఈడీల నుంచి మన కంటికి ఆనని పరారుణ కాంతి వస్తుంది. పొద్దుగూకే వేళ కెమెరా దగ్గర నిలబడితే లోపల 'టిక్' మని చిన్న చప్పుడు వినిపిస్తుంది. పగటిపూట పరారుణాన్ని ఆపే వడపోత గాజు పక్కకు జరిగిన చప్పుడు అది. అక్కడి నుంచి బొమ్మ నలుపు తెలుపుల్లోకి మారుతుంది. పచ్చటి ఆకు మనకు పచ్చగా కనిపిస్తుంది కానీ, పరారుణ కాంతిలో అది దాదాపు అద్దమే. పడిన వెలుగులో సగం దాకా వెనక్కి కొడుతుంది. జానెడు దూరంలో అంత వెలుగు చూసేసరికి కెమెరా తన చూపును తనే తగ్గించుకుంటుంది. ఇరవై అడుగుల అవతలి గేటు చీకట్లో కలిసిపోతుంది. పూలకుండీలో, పిచ్చుకల గూడులో, కిటికీ అద్దం వెనక, ఎక్కడ దాచినా ఇదే గతి. సాలెగూడు ఒక్క పోగు వేలాడినా రాత్రంతా తెల్లటి చారలు, ఫోన్‌కు ఉత్తుత్తి హెచ్చరికలు. తొలకరికి ఉసిళ్లు లేస్తే ఇక చెప్పక్కర్లేదు.

పైగా అది నిజంగా దాగదు కూడా. మార్కెట్లో ఎక్కువగా దొరికే 850 నానోమీటర్ల ఎల్‌ఈడీలు చీకట్లో కణికల్లా సన్నగా ఎర్రగా కనిపిస్తాయి. 940 రకం కొంటే ఆ ఎరుపు ఉండదు, కానీ చూపు దూరం బాగా తగ్గుతుంది. దాన్ని కూడా చాలా ఫోన్ల ముందు కెమెరా పట్టేస్తుంది.

జెబెల్ అలీలో నేను చూసింది దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి. 1979లో రేవు, 1985లో ఫ్రీ జోన్ వచ్చాక అక్కడ గోదాములు, ఫ్యాక్టరీలు, కార్మికుల క్యాంపులు, విల్లాల కాలనీలు దగ్గరదగ్గరగా పెరిగాయి. కెమెరా లేని గేటు అరుదు. ప్రతిదీ కళ్లెదుటే ఉంటుంది. కింద అరబిక్‌లో, ఇంగ్లిషులో బోర్డు ఉంటుంది. దాచేది తీగను. నాకు పని నేర్పిన ఫోర్‌మన్ మలయాళీ. బిగించిన కెమెరా కింద బెత్తెడు కేబుల్ బయటికి కనిపించినా నిచ్చెన మళ్లీ ఎక్కించేవాడు. తీగ గొట్టంలో ఉండాలి, గొట్టం గోడలో ఉండాలి, రికార్డర్ తాళం వేసిన పెట్టెలో, వచ్చీపోయేవాళ్లకు తెలియని గదిలో ఉండాలి. దొంగ కత్తిరించేది తీగను, ఎత్తుకుపోయేది పెట్టెను అనేవాడు.

మన దగ్గర కెమెరాను చెట్టులో దాచి, తీగను గోడ మీద వేలాడదీసి, రికార్డర్‌ను టీవీ కింద అరలో పెడతాం. చోరీ వార్తల్లో 'పోతూ పోతూ డీవీఆర్ కూడా పట్టుకుపోయారు' అన్న వాక్యం ఎన్నిసార్లు చదివామో గుర్తు చేసుకోండి.

ఇంటి గోడ రంగులోనే కెమెరా ఒంటికి రంగు వేయించుకోవడం తప్పు కాదు, కటకానికీ ఎల్‌ఈడీలకూ రంగు అంటకపోతే చాలు. సజ్జా కింద, నిచ్చెన లేకుండా అందని ఎత్తున పెడితే ఎండకూ వానకూ కాస్త రక్షణ. జెబెల్ అలీ ఉప్పుగాలికీ దుమ్ముకూ వారం వారం తుడవకపోతే రాత్రి బొమ్మ పాలపొరలా కనిపించేది. ఇక్కడా అప్పుడప్పుడు మెత్తటి గుడ్డతో తుడవాల్సిందే.

ఇక చట్టం. దుబాయ్‌లో 2016 నాటి 12వ నంబరు చట్టం కింద సిరా అనే భద్రతా నియంత్రణ సంస్థ పనిచేస్తోంది. వ్యాపార సంస్థలో కెమెరా పెట్టాలంటే దాని అనుమతి ఉన్న కంపెనీయే పెట్టాలి. రికార్డింగ్ 31 రోజులు ఉంచాలి. ఇల్లు సొంతమే అయినా కెమెరా పక్కింటి కిటికీలోకి చూడకూడదు. ఇతరుల ఆంతరంగిక జీవితాన్ని చిత్రీకరిస్తే 2021 నాటి సైబర్ నేరాల చట్టం 44వ అధికరణం కింద కనీసం ఆరు నెలల జైలు, లక్షన్నర నుంచి ఐదు లక్షల దిర్హాముల జరిమానా, లేదా వాటిలో ఏదో ఒకటి. ఇంగ్లండులోనూ అంతే. పొరుగింటిని చూస్తూ మాటలు కూడా పట్టిన డోర్‌బెల్ కెమెరా విషయంలో 2021 అక్టోబరులో ఆక్స్‌ఫర్డ్ కోర్టు పొరుగింటామె పక్షాన తీర్పు చెప్పింది.

మనకు 2013 నాటి ప్రజా భద్రత చట్టం ఉంది. వంద మంది చేరే చోట్ల కెమెరాలు పెట్టమంటుంది, దృశ్యాలు 30 రోజులు దాచమంటుంది. ఇళ్ల జోలికి అది రాదు. 2023 నాటి డేటా రక్షణ చట్టం కూడా ఇంటి అవసరాలను మినహాయించింది. స్త్రీని ఆమె ఏకాంతంలో చిత్రిస్తే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ ఉంది కానీ, పక్కింటివాళ్ల పెరటి వైపు తిప్పి పెట్టిన కెమెరా దగ్గర మనకు ఉన్నది మన మర్యాదే. అక్కడి లైసెన్సులన్నీ మనకు రావాలని నేను కోరను. అడుగడుగునా కెమెరా ఉన్న చోట బతకడం ఎలా ఉంటుందో క్యాంపులో చూశాను. బోర్డు పెట్టడం, చూపును మన గోడ దాకే ఉంచడం, ఈ రెండూ తెచ్చుకుంటే చాలు.

ఇంకొక మాట, ఇది గల్ఫులో ఉన్న అన్నదమ్ములకు. ఇంట్లో ఉండేది భార్య, అమ్మానాన్న, పిల్లలు. వాళ్లకు చెప్పకుండా దాచిన కెమెరా దొంగ మీద కాదు, వాళ్ల మీద పెట్టినట్టే. వాకిట్లో కళ్లాపి చల్లేటప్పుడు, బావి దగ్గర తల రుద్దుకునేటప్పుడు ఎవరో చూస్తున్నారని తర్వాత తెలిస్తే మా అమ్మ ఎంత నొచ్చుకునేదో నాకు తెలుసు. సెలవు మీద వచ్చి మా ఇంటి కెమెరా సజ్జా కిందికి మార్చినప్పుడు అమ్మను పక్కన నిలబెట్టి ఫోన్‌లో చూపించాను. "బావి కనబడొద్దు బిడ్డా" అంది. కాస్త పక్కకు తిప్పాను. గేటు, మెట్లు, స్కూటర్ పెట్టే చోటు మాత్రమే పడుతున్నాయి.

ఈ రాత్రి దీపాలు ఆర్పేశాక మీ ఇంటి కెమెరా బొమ్మ ఒకసారి తెరిచి చూడండి. ఆకు మెరుస్తుంటే కొమ్మ కత్తిరించండి. పక్కింటి కిటికీ కనిపిస్తుంటే కెమెరా తిప్పండి. ఇంట్లో వాళ్లకు ఇంకా చెప్పకపోతే ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి.