పాలసీ గడువు ఉగాది దాటాలి

2026లో ఉగాది మార్చి 19న. 2027లో ఏప్రిల్ 7న. మధ్యలో మార్చి 31 ఉంది, మా పట్టుదల అంతా ఆ తేదీ గురించే. పాలసీ ఆ రోజుతో ముగిసే మండపం అతను జనవరిలో కొటేషన్‌తో పాటు ఇచ్చే ఇన్సూరెన్సు సర్టిఫికెట్ అప్పటికి సరైనదే. గుంజలు పాతే నాటికి చిత్తుకాగితం.

గడువును పండగ రోజుతో కాదు, పందిరి విప్పే రోజుతో పోల్చి చూడాలి. విప్పేటప్పుడూ మనుషులు పైకెక్కుతారు, అప్పటికి మనలో ఒక్కరూ అక్కడ ఉండరు!

కోశాధికారి దగ్గర ఒక నోట్‌బుక్ చాలు. ఎవరు, ఏ పాలసీ, ఎంతమంది పనివాళ్లకి, ఏ తేదీ వరకు. ఎంతమందికి అన్నది ముఖ్యం. ఆరుగురి పేరు మీద పాలసీ తీసుకుని పదిహేనుమందిని దింపితే క్లెయిమ్ దగ్గర పేచీ తప్పదు. జనరేటర్ తెచ్చే వ్యాను పాలసీ వేరు, దాని తేదీ వేరే రాయాలి. గడువుకి నెల ముందే ఫోన్ చేయాలి. గుడీ పాడ్వా కూడా అదే రోజు కదా, షోలాపూర్‌లో ఆఖరి నిమిషంలో ఇంకో మండపం అతను దొరకడు.

తాతల నాటి నుంచి మన పెళ్లిళ్లకి పందిరి వేస్తున్నవాళ్లని కాగితాలు అడగడం ఏం మర్యాద అని కొందరు పెద్దలు అంటున్నారు. పైకెక్కేది ఆ యజమాని కాదండీ, రోజుకూలీకి వచ్చిన కుర్రాడు. అతని కాలు విరిగితే మన పరిచయం ఆస్పత్రి బిల్లు కట్టదు. ప్రీమియం భారమైతే బిల్లులో కలుపుకోమందాం. ఆ మేరకు చందా పెంచినా మేం ఇస్తాం. రెన్యువల్ కాగితం అందాకే అడ్వాన్సు అన్న ప్రతిపాదన సర్వసభ్య సమావేశంలో పెడుతున్నాం.