బండి తరగతి ఎవరు తేల్చాలి? బాకీ ఎవరు తీర్చాలి?

2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పుతో రవాణా కార్మికుల మెడమీది కత్తి ఒకటి దిగిపోయినది. తేలికపాటి మోటారు వాహనపు లైసెన్సు గల డ్రైవరు, మొత్తం బరువు 7,500 కిలోలకు మించని టాక్సీనిగాని సరుకుల బండినిగాని నడపవచ్చుననీ, అందుకు లైసెన్సుపై ప్రత్యేకమైన ముద్ర అక్కరలేదనీ అయిదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా తేల్చారు. ఈ తీర్పును మేము హృదయపూర్వకంగా స్వాగతిస్తున్నాము. కాని అండమాన్ దీవులలో స్టీరింగు పట్టి బ్రతుకుతున్న మన తెలుగు డ్రైవర్లకు దీనితో చిక్కు తీరిపోయినదని ఎవరైనా భావిస్తే అది భ్రమ. తేలినది డ్రైవరు చేతిలోని లైసెన్సు సంగతి మాత్రమే. బండి ఏ తరగతికి చెందినదన్న తగాదా అలాగే ఉన్నది.

ఆ లైసెన్సు తగాదా ఎంతకాలం సాగినదో గుర్తు చేసుకొనడం అవసరం. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలో మధ్యతరహా, భారీ వాహనాలకు లైసెన్సు తరగతులు విడివిడిగా ఉండేవి. 1994 సవరణ వాటన్నిటినీ తొలగించి ఆ స్థానంలో ‘రవాణా వాహనం’ అనే ఒక్క మాట ఉంచినది. ఆ ఒక్క మాటను పట్టుకొని బీమా కంపెనీలు దేశమంతటా కోర్టుల కెక్కాయి. చిన్న టాక్సీ నడిపిన వానికి ‘రవాణా’ ముద్ర లేదు గనుక తాము పైకం చెల్లించనక్కరలేదని వాదించాయి. 2017లో ముగ్గురు న్యాయమూర్తులు ముకుంద్ దేవాంగన్ కేసులో ఆ వాదాన్ని త్రోసిపుచ్చినా కంపెనీలు ఊరుకొనలేదు. చట్టం వ్రాసినవారి అస్పష్టతకు ముప్పది సంవత్సరాలపాటు మూల్యం చెల్లించినది ప్రమాద బాధితులు, డ్రైవర్లు, చిన్న యజమానులు. వ్రాసినవారు కారు.

ఇక బండి సంగతి. ఇంట్లో మనం ‘కారు’ అని ఒక్క మాటతో పిలిచేదానికి చట్టంలో పేర్లు అనేకం. డ్రైవరు కాక ఆరుగురికి మించకుండా కిరాయికి ఎక్కించుకొంటే అది ‘మోటారు క్యాబ్’. ఆరుగురిని మించి పన్నెండుగురి వరకు అయితే ‘మ్యాక్సీ క్యాబ్’. కిరాయి లేకపోయినా, ఆరుగురికి పైగా కూర్చొనేటట్లు కట్టిన బండి చట్టం దృష్టిలో ‘మోటారు కారు’ కానే కాదు, అది ‘ఆమ్నిబస్సు’! ఇన్నోవా వంటి బండి డ్రైవరుతో కలిపి ఏడు సీట్లతోనూ ఎనిమిది సీట్లతోనూ అమ్ముడుపోయినది. చూపుకు రెండూ ఒక్కటే. కిరాయికి పెట్టినప్పుడు మొదటిది మోటారు క్యాబ్, రెండవది మ్యాక్సీ క్యాబ్. ఒక్క సీటుతో పర్మిటు మారుతుంది, బీమా రేటు మారుతుంది. ఈ తేడా బండి కొన్ననాడు ఎవరు చెబుతారు? అమ్మినవాడు చెప్పడు, బీమా ఏజెంటు చెప్పడు. ప్రమాదం జరిగిన తరువాత కంపెనీ వకీలు చెబుతాడు.

తప్పుడు తరగతిలో బీమా ఎందుకు వ్రాయిస్తారన్నది దాచవలసిన రహస్యం కాదు. 2022 జూన్ 1 నుండి అమలులోకి వచ్చిన రేట్ల ప్రకారం 1000 నుండి 1500 సి.సి. మధ్య ఇంజను గల సొంత కారుకు మూడవ పక్షపు ప్రీమియం, పన్ను కాక, ఏడాదికి 3,416 రూపాయలు. అదే ఇంజను టాక్సీకి 7,940 రూపాయలు, ఆపైన ఒక్కొక్క ప్రయాణికునికి 978 రూపాయలు. నలుగురు ప్రయాణికులకు లెక్కకడితే 11,852 రూపాయలు; సొంత కారుపై మూడు రెట్లకు మించిన భారం. ఇక పర్మిటు, ఫిట్‌నెస్ పరీక్ష ఉండనే ఉన్నాయి. పర్యాటకుల రద్దీ కాలంలో తెల్ల నంబరు పలకతోనే సొంత బండిని కిరాయికి దింపాలన్న ఆశ ఇక్కడే పుడుతున్నది.

ఇది పసుపు పలక డ్రైవర్ల పొట్టకొట్టే పని. పన్నులన్నీ కట్టి, పర్మిటు తెచ్చుకొని స్టాండులో వరుసలో నిలబడిన సోదరుని కోపం న్యాయమైనదే. తెల్ల పలక కిరాయిని మేము ఎంతమాత్రమూ సమర్థించము. అయితే ఆ తప్పుకు శిక్ష ఎవరిపై పడుతున్నదో చూడవలెను.

సొంత కారు పాలసీలో ‘వినియోగ పరిమితులు’ అనే గడి ఉంటుంది. కిరాయికి నడిపిన బండికి ఈ పాలసీ వర్తించదని అందులో స్పష్టంగా వ్రాసి ఉంటుంది. కిరాయి పర్మిటు లేని బండిని కిరాయికి నడపడాన్ని బీమా కంపెనీ రక్షణవాదంగా ఎత్తుకొనడానికి చట్టమే దారి ఇచ్చినది. పర్మిటు లేని లారీకి సంబంధించిన అమృత్‌పాల్ సింగ్ కేసులో 2018లో సుప్రీంకోర్టు, కంపెనీ ముందు బాధితులకు చెల్లించి తరువాత ఆ పైకాన్ని యజమాని వద్ద వసూలు చేసుకొనవలెనన్న ఉత్తర్వును ఖాయం చేసినది. బాధితుని కుటుంబానికి ఇది మేలే. కాని యజమానే డ్రైవరు అయినచోట, అప్పుచేసి కొన్న ఒక్క బండే ఆస్తి అయినచోట, ఆ వసూలు ఇంటి పైకప్పును కూడ మిగల్చదు. సొంత నష్టం విషయంలో 2010 నాటి అమలేందు సాహు తీర్పు కొంత ఊరట నిచ్చినది: సొంత బండిని కిరాయికి ఇచ్చినంత మాత్రాన క్లెయిమును పూర్తిగా త్రోసివేయరాదు, తగ్గించియైనా చెల్లించవలెనని. ఈ సంగతి తెలిసిన డ్రైవర్లు అరుదు. కంపెనీ తిరస్కార పత్రం పంపగానే విషయం ముగిసినదని ఊరుకొనేవారే ఎక్కువ.

జీతానికి కుదిరిన డ్రైవరు స్థితి మరీ దయనీయం. పాలసీ కాగితం అతడు కంటితో చూడడు. హోటలువాడు ‘జట్టీ దగ్గర అతిథులున్నారు, తీసుకురా’ అంటే వెళతాడు. ప్రమాదం జరిగితే క్రిమినలు కేసులో మొదటి పేరు అతనిదే, నష్టపరిహారం దావాలోనూ అతడు ప్రతివాదే.

దీవులలో ఈ కష్టం రెట్టింపు అవుతున్నది. ఉత్తర కొసనున్న దిగ్లీపూర్ డ్రైవరు, నిన్నటి పోర్ట్ బ్లెయిర్, 2024 సెప్టెంబరు నుండి శ్రీ విజయ పురంగా పేరు మారిన రాజధానికి వాయిదాకు రావలెనంటే జార్వా రిజర్వు గుండా నిర్ణీత వేళల్లో కాన్వాయ్‌తోనే రావలెను. ఒక వాయిదాకు రెండు మూడు రోజుల సంపాదన పోతుంది. అప్పీలుకు కలకత్తా హైకోర్టు సర్క్యూట్ బెంచి దిక్కు. 2011 జనాభా లెక్కల ప్రకారం దీవులలో తెలుగు మాతృభాషగా గలవారు నూటికి పదమూడుగురు. శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల నుండి ఓడ ఎక్కి వచ్చిన కుటుంబాలే అధికం. వారి చేతికి వచ్చే పాలసీ ఇంగ్లీషులో, చీమతలకాయలంత అక్షరాలలో ఉంటుంది. చదువుకొనలేదు గనుక సంతకం చెల్లదని మాత్రం ఏ కంపెనీ ఒప్పుకొనదు.

బండి తరగతి, సీట్ల సంఖ్య రిజిస్ట్రేషను రికార్డులో ఉండనే ఉన్నాయి. వాటిని చూడకుండా పాలసీ జారీ చేసి, ప్రీమియం తీసుకొని, క్లెయిమునాడు మాత్రం తరగతి తప్పని ఎత్తిచూపే హక్కు కంపెనీకి ఉండరాదు. రిజిస్ట్రేషనుతో సరిపోలని పాలసీని జారీచేసినప్పుడు ఆ పొరపాటు భారం జారీచేసినవారిపైనే పడేటట్లు బీమా నియంత్రణ సంస్థ నిబంధన తేవలెను. వినియోగ పరిమితుల గడిని దీవులలో వాడుకలో ఉన్న భాషలన్నిటిలో, తెలుగుతో సహా, పెద్ద అక్షరాలలో ముద్రించవలెను. ఒకే బండి గల డ్రైవరు-యజమానికి టాక్సీ ప్రీమియంను వాయిదాలలో కట్టే వీలు కల్పించినచో తెల్ల పలక ప్రలోభం సగానికి సగం తగ్గునని మా అభిప్రాయం.

ఇవి సాధించే వరకు చేతులు ముడుచుకొని కూర్చొనవలసిన పనిలేదు. పాలసీ రెన్యువలు తేదీకి ముందే ప్రతి డ్రైవరు, బండి తనదైనా పరులదైనా, రిజిస్ట్రేషను పత్రాన్ని, బీమా పత్రాన్ని పక్కపక్కన పెట్టి తరగతి, సీట్ల సంఖ్య, వినియోగ పరిమితులు అనే మూడు గడులను సరిపోల్చుకొనవలెను. తేడా కనబడినచో యజమాని చేత కంపెనీకి వ్రాతమూలకంగా తెలియజేయించి, అందినట్లు ముద్రవేసిన నకలును బండిలో కాక ఇంట్లో భద్రపరచవలెను.