పేరు లేనివాళ్ల జాబితా ఎక్కడ?

తుపాను వచ్చి వెళ్లాక మన ఊళ్లలో రెండు రకాల కాగితాలు కనబడతాయి. ఒకటి రంగుల కరపత్రం. నున్నటి కాగితం, పైన నాయకుల బొమ్మలు, కింద ఇన్ని లక్షల హెక్టార్లు, ఇన్ని కోట్ల సాయం అని పెద్ద అక్షరాలు. రెండోది రైతు సేవా కేంద్రం గోడకు అంటించిన తెల్లకాగితం, పంట నష్టపోయిన వారి జాబితా. మొదటిది మనం అడక్కుండానే ఇంటికొస్తుంది. రెండోదాన్ని చూడ్డానికి మనమే వెళ్లాలి. పేరున్న రైతు చూసుకుని ఇంటికి పోతాడు. పేరు లేని రైతు ఎందుకు లేదో తెలియక ఆ గోడ దగ్గరే నిలబడిపోతాడు.

ఆ నిలబడిపోయిన రైతు కోసమే ఈ వ్యాసం. ప్రభుత్వం అచ్చువేసే కాగితాల్లో అతనికి చోటు లేదు. అచ్చు కావాల్సిన అసలు కాగితం అతనిదేనని మేం అంటున్నాం.

ముందు ఒక మాట. ప్రభుత్వ ప్రచురణలన్నీ దండగని మేం అనడం లేదు. వ్యవసాయ శాఖ మాసపత్రిక 'పాడిపంటలు'లో విత్తనశుద్ధి గురించో, చీడపీడల గురించో చదివి బాగుపడ్డ రైతులు మన సంఘంలోనే ఉన్నారు. పంట ఎలా వేయాలో చెప్పేటప్పుడు ప్రభుత్వం మన భాషలో, మనకు అర్థమయ్యేలా చెప్పగలదు. పంట పోయాక సాయం లెక్క చెప్పాల్సి వచ్చేసరికే ఆ భాష మారిపోతోంది.

హెక్టారు సంగతే చూడండి. మన పొలం ఎకరాల్లో, సెంట్లలో ఉంటుంది. దిగుబడి 75 కిలోల బస్తాల్లో లెక్కేస్తాం. సాయం రేట్లు మాత్రం హెక్టార్లలో అచ్చవుతాయి. విపత్తు సహాయ నిధికి కేంద్రం 2022లో ఖరారు చేసిన రేట్ల ప్రకారం వర్షాధార పంటకు హెక్టారుకు రూ.8,500, నీటి వసతి ఉన్న పంటకు రూ.17,000, పండ్ల తోటల వంటి బహువార్షిక పంటలకు రూ.22,500. వినడానికి పెద్ద అంకెలే. ఎకరాల్లోకి మారిస్తే వర్షాధార పంటకు సుమారు రూ.3,440, తడి పంటకు సుమారు రూ.6,880 మిగులుతుంది. అదీ రెండు హెక్టార్ల వరకే. 2024 సెప్టెంబరు వరదల తర్వాత మన రాష్ట్రంలో వరికి హెక్టారుకు రూ.25,000, అంటే ఎకరాకు రూ.10 వేలు ప్రకటించారు. పెంచినందుకు కాదనం. దుక్కి నుంచి కోత దాకా ఎకరాకు ఎంత పెట్టారో మీకు తెలుసు. పక్కపక్కన పెట్టి చూసుకోండి.

ఇక 33 శాతం నిబంధన. 2015కు ముందు సగం పంట పోతేనే సాయం. ఆ ఏడాది దాన్ని 33 శాతానికి తగ్గించారు. అది మంచి మార్పే. అయితే 33 ఉన్నవాడికి సాయం వస్తుంది, 30 ఉన్నవాడికి పైసా రాదు. ఆ శాతాన్ని నిర్ణయించేది పొలం గట్టు మీద నిలబడిన ఒకరిద్దరు ఉద్యోగుల కంటిచూపు. వాళ్లు ఎప్పుడొచ్చారన్నది కూడా లెక్కే. నీళ్లు నిలబడి ఉన్నప్పుడు చూస్తే ఒక అంకె, తీశాక పైరు పచ్చగా కనబడుతుంటే ఇంకో అంకె. ఆ పైరు తాలు పోతుందని కోతకు వచ్చాకే తేలుతుంది. అప్పటికి జాబితా మూసేసి ఉంటుంది.

ఇంత తేడా తెచ్చే ఆ అంకె రైతు చేతికి రాదు. మేం చూసిన జాబితాల్లో పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం ఉన్నాయి. ఎవరి పొలం చూశారు, ఏ తేదీన చూశారు, ఎంత శాతం నష్టం రాశారు, ఎవరిని ఎందుకు తీసేశారు అన్న వివరం ఎక్కడా లేదు. అభ్యంతరాలు చెప్పండి అంటారు. దేనిమీద చెప్పాలి? కారణం తెలియనిదే అభ్యంతరం ఎలా రాస్తాం?

కౌలు రైతు గతి మరీ ఘోరం. 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు కార్డు కావాలంటే భూయజమాని సంతకం చేయాలి. భూమి చేజారుతుందేమోనన్న భయంతో చాలామంది పెట్టరు. కార్డు లేకపోతే ఈ-క్రాప్‌లో యజమాని పేరే ఎక్కుతుంది, సాయం ఆయన ఖాతాకే పోతుంది. పెట్టుబడి పెట్టి, అప్పు చేసి మునిగిపోయినవాడు అసలు దరఖాస్తుదారుడే కాకుండా పోతాడు. కాబట్టి తిరస్కరించిన వారి లెక్కలోకి కూడా రాడు. రంగుల కరపత్రం మాత్రం 'అర్హులందరికీ సాయం' అంటుంది. అర్హతను తామే గీసి, గీత బయట ఉన్నవాళ్లను లెక్కపెట్టకుండా, అందరికీ ఇచ్చామంటే కాదనేదెవరు?

ఇవన్నీ బయటపెడితే ఊళ్లో తగాదాలు వస్తాయని అధికారులు అంటారు. తగాదాలు ఇప్పుడు లేవా? కారణం చెప్పకపోవడం వల్లే పక్కింటివాడు డబ్బిచ్చి రాయించుకున్నాడన్న అనుమానం పుడుతోంది. పంటే వేయని వాళ్ల పేర్లు ఎక్కిన ఊళ్లూ ఉన్నాయి. అది మన మధ్య జరిగినా తప్పే. పూర్తి జాబితా నలుగురిలో చదివితే ఆ దొంగ పేర్లూ బయటపడతాయి.

పని భారమంటారు కొందరు. ఉపాధి హామీలో సామాజిక తనిఖీ అంటే ఏమిటో 2006 నుంచి దేశానికి చూపించింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. మస్టర్లు గ్రామసభలో చదివి వినిపించారు, కూలీలు లేచి నేను ఆ పని చేయలేదు, ఆ డబ్బు నాకు రాలేదు అని చెప్పారు. కూలీల లెక్క ఊరి ముందు చదవగలిగినప్పుడు పంట నష్టం లెక్క ఎందుకు చదవలేరు?

పైగా ఇది దయాదాక్షిణ్యం కాదు. సమాచార హక్కు చట్టం, 2005లోని 4వ సెక్షన్ రాయితీ పథకాల లబ్ధిదారుల వివరాలను ఎవరూ అడక్కుండానే ప్రకటించమంటోంది. నిర్ణయం వల్ల ప్రభావితమైన వారికి దాని కారణాలు చెప్పమని కూడా అదే సెక్షన్ అంటోంది. అంటే పేరు తీసేసిన రైతుకు కారణం చెప్పడం ప్రభుత్వం బాధ్యత. తెలుగును అధికార భాష చేసిన చట్టం 1966లోనే వచ్చింది. అయినా సాయం జీవోలు ఏళ్ల తరబడి ఇంగ్లీషులోనే వచ్చాయి. 2021 ఆగస్టులో జీవోలను వెబ్‌సైటులో పెట్టడమే ఆపేశారు. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ పెడుతున్నారు. ఏ పార్టీ ఉన్నా దాచాలన్న బుద్ధి తలెత్తకుండా చూడాల్సింది మనమే.

అందుకే మన సంఘం ఈ డిమాండ్లు ప్రభుత్వం ముందు పెడుతోంది:

1. నష్టం అంచనా వేసిన ప్రతి పొలానికీ తేదీ, నష్ట శాతం, చూసిన ఉద్యోగి హోదాతో తెలుగు రసీదు రైతుకు అక్కడికక్కడే ఇవ్వాలి.

2. ఎంపికైన వారి జాబితా పక్కనే ఎంపిక కాని వారి జాబితా, ఒక్కొక్కరికీ కారణంతో, అంటించాలి. రెండూ గ్రామసభలో చదవాలి.

3. చదివిన రోజు నుంచి అభ్యంతరాలకు కనీసం 15 రోజులు గడువివ్వాలి.

4. యజమాని సంతకం లేకున్నా, గ్రామసభ ధ్రువీకరణతో కౌలు రైతు పేరు నమోదు చేయాలి.

5. సాయం జీవోలు, కరపత్రాలు తెలుగులో, ఎకరాల లెక్కలో ఉండాలి. ఎంతమందికి ఇచ్చారో చెప్పిన చోటే ఎంతమందికి ఇవ్వలేదో కూడా అచ్చువేయాలి.

రైతు సోదరులారా, అక్కచెల్లెళ్లారా! అంతవరకు మన పని మనం చేయాలి. పంట మునిగిన రోజే ఫోటో తీయండి. దరఖాస్తు రాసి ఇచ్చి, నకలు మీద సంతకం, తేదీ వేయించుకోండి. పేరు రాకపోతే ఊరుకోకుండా కారణం అడుగుతూ సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. నకలు మన గ్రామ కమిటీకి ఇవ్వండి. ప్రభుత్వం వేయని ఆ జాబితాను ఊరూరా మనమే రాద్దాం. రాసినదాన్ని మండల కార్యాలయం ముందు మనమే చదువుదాం.