తోకచుక్క మళ్లీ వచ్చేనాటికి

తోకచుక్క కనిపిస్తే రాజుకు కీడు, రాజ్యానికి కరువు అని మన పూర్వులు నమ్మేవారు. నేటికీ మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పల్లెల్లో గ్రహణం పట్టిందంటే గర్భిణిని గడప దాటనివ్వని ఇళ్లున్నాయి. ఆకాశంలో జరిగే ప్రతిదానికీ నేలమీద మనిషి భయపడాలా? ఈ ప్రశ్నకు హేలీ తోకచుక్క కథలో మంచి సమాధానం ఉంది. ఆ కథలో మన విజయనగరానికీ చోటుంది. అందుకే ఈ వార్షికోత్సవ సంచికలో దాని గురించి నాలుగు మాటలు రాస్తున్నాం.

1531, 1607, 1682 సంవత్సరాల్లో కనిపించిన తోకచుక్కల దారులను ఇంగ్లండు శాస్త్రవేత్త ఎడ్మండ్ హేలీ పోల్చి చూశాడు. మూడూ ఒకటేనని, అది సుమారు 76 ఏళ్లకోసారి సూర్యుణ్ణి చుట్టి వస్తోందని తేల్చాడు. న్యూటన్ సూత్రాల ఆధారంగా లెక్కకట్టి 1758లో మళ్లీ వస్తుందన్నాడు. ఆయన 1742లో కన్నుమూశాడు. అయినా లెక్క తప్పలేదు. 1758 డిసెంబరు 25 రాత్రి దాన్ని మొదట గుర్తించినవాడు పాలిచ్ అనే జర్మన్ రైతు. వ్యవసాయం చేసుకుంటూ తనంతట తానే ఖగోళశాస్త్రం నేర్చుకున్న మనిషి. నాగలి పట్టిన చేయి దుర్భిణి పట్టకూడదని ఎక్కడా రాసిలేదని రైతుకూలీల బిడ్డలమైన మనం గుర్తుంచుకోవాలి.

1910లో అది తిరిగి వచ్చింది. మే 18, 19 తేదీల్లో భూమి దాని తోకలోంచి సాగిపోతుందని, ఆ తోకలో సైనోజెన్ అనే విషవాయువు ఉందని పత్రికలు రాశాయి. యూరప్, అమెరికాల్లో చదువుకున్నవారు సైతం హడలిపోయారు. తోకచుక్క నుంచి కాపాడే మాత్రలంటూ కొందరు సొమ్ము చేసుకున్నారు. తీరా చూస్తే ఆ వాయువు ఎంత పలుచనిదంటే భూమికి చీమ కుట్టినట్టయినా లేదు.

అదే ఏడు మన విజయనగరం వాసి గురజాడ అప్పారావు గారు 'ముత్యాల సరములు' రాశారు. లోకమంతా అపశకునమన్న తోకచుక్కను ఆయన సంఘ సంస్కరణకు శుభసూచకంగా స్వాగతించారు. అదే కవితలో కులభేదం లేని సహపంక్తి భోజనాన్ని సమర్థించారు. ఆకాశంలోని తోకచుక్కకూ పంక్తిలోని విస్తరాకుకూ ఏమిటి సంబంధమని అడగవచ్చు. చాలా సంబంధం ఉందని మా అభిప్రాయం. తోకచుక్క కనిపిస్తే కీడన్న మాటా, ఫలానావాడు తాకితే మైలన్న మాటా ఒకే చెట్టుకు కాసిన కాయలు. రెండూ పరీక్షకు నిలవవు.

మొదటి భయం దాదాపు పోయింది. 1986లో తోకచుక్క మళ్లీ వచ్చినప్పుడు యూరప్ పంపిన జొట్టో నౌక మార్చి 14న సుమారు 600 కిలోమీటర్ల దూరం దాకా వెళ్లి దాన్ని ఫొటో తీసింది. చూస్తే ఏముంది? సుమారు 15 కిలోమీటర్ల పొడవున్న మంచు, ధూళి ముద్ద. పైన బొగ్గుకన్నా నల్లని పొర. ఇన్ని వందల ఏళ్లు రాజులను గడగడలాడించింది ఇదే!

మరి రెండో భయం? 2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో భూమి తగాదా పేరుతో ఐదుగురు దళితులను చంపారు. మన దేశం చంద్రయాన్ పంపిన నాలుగేళ్ల తరువాతి సంగతి ఇది. చంద్రుడి దాకా వెళ్లగలిగిన మనం ఊరి చివరి వీధి దాకా ఎందుకు వెళ్లలేకపోతున్నాం?

ఇక మన సంగతి చూద్దాం. హాస్టల్లో మాల, మాదిగ, రెల్లి, సవర, జాతాపు, బీసీ పిల్లలం ఒకే వరుసలో కూర్చుని తింటాం. గురజాడ కోరిన పంక్తి ఇక్కడ రోజూ సాగుతోంది. కానీ సంక్రాంతి సెలవులకు ఊరెళ్లాక? పక్క మంచం స్నేహితుణ్ణి ఇంటికి పిలిచి, మన కంచంలో అన్నం పెట్టి, అతని కులం పేరు ఇంట్లో దాచకుండా చెప్పగలవారు మనలో ఎందరు? పైకులాలను ప్రశ్నించే మనలో మనకూ మెట్లున్నాయి. ఈ మాట కొందరికి రుచించకపోవచ్చు. అయినా అనక తప్పదు. హాస్టల్లో పంక్తి వార్డెన్ గారి నియమంతో సాగుతోందో, మన నమ్మకంతో సాగుతోందో ఊళ్లోనే తేలుతుంది.

"కాలమే అన్నీ మారుస్తుంది, తొందరెందుకు?" అనేవారున్నారు. తోకచుక్క విషయంలో ఆ మాట నిజం. ఎవరు పిలిచినా పిలవకున్నా దాని వేళకు అది వస్తుంది. సమానత్వానికి అలాంటి కక్ష్య ఏదీ లేదు. ఎవరో ఒకరు పూనుకుంటేనే అది వస్తుంది.

హేలీ తోకచుక్క 2023 డిసెంబరులో నెప్ట్యూన్ కక్ష్యకు ఆవల చివరి మలుపు తిరిగి ఇటు బయల్దేరింది. 2061 జులై 28న సూర్యుడికి అతి దగ్గరగా వస్తుంది. ఈనాడు ఆరో తరగతి చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు అప్పటికి యాభై ఏళ్లు కూడా నిండవు. వానాకాలం మబ్బులు దారిస్తే మన సముద్రతీరం నుంచే చూడవచ్చు.

అందాకా ఆగనక్కరలేదు. ఆ తోకచుక్క దారిలో రాల్చిన ధూళి ఏటా అక్టోబరు 21 ప్రాంతంలో ఉల్కలుగా రాలుతుంది. తుపాను మబ్బులు, వెన్నెల లేకుంటే అర్ధరాత్రి దాటాక మామూలు కళ్లకే కనిపిస్తుంది. వార్డెన్ గార్లకు మా విజ్ఞప్తి ఒక్కటే. ఏడాదికి ఆ ఒక్క రాత్రి మేడ తలుపు తీయించండి. పైసా ఖర్చు లేదు. అన్ని కులాల పిల్లలూ ఒకే చాపమీద పడుకుని ఆకాశం చూడనివ్వండి.

మిత్రులారా! 2061లో మన పిల్లలకు తోకచుక్కను చూపించే రోజున, 1910లో గురజాడ ఏం కోరారో కూడా చెప్పాల్సి వస్తుంది. అది నెరవేరిందా అని వాళ్లు అడుగుతారు. ఆ జవాబు కోసం ఈ సెలవుల్లోనే ఒక స్నేహితుణ్ణి ఇంటికి భోజనానికి పిలుద్దాం.