ఇంటివైద్యానికి హద్దు పది రోజులు

"పడిశం పది రోగాల పెట్టు" అన్నారు మన పెద్దలు. ఈ సామెతలోని సత్యం వసతిగృహంలో నివసించే విద్యార్థులకు బాగా తెలుసు. వానలు వెనుకబట్టి చలి ప్రవేశించే రోజులలో మా గదులలో ఏ మంచం వైపు చూచినా తుమ్ములు, దగ్గులు, ముక్కుదిబ్బడ. ఒక మిత్రుడు దానిని 'నజ్లా' అంటాడు, ప్రక్క మంచం మీది మిత్రుడు 'రొంప' అంటాడు. పేరు ఏదైనా బాధ ఒక్కటే. నాలుగు రోజులు గడిచేసరికి నొసలు బరువెక్కి, చెంపల ఎముకలు సలిపి, వంగితే తల దిమ్మెక్కిపోతుంది. పూర్వులు దీనిని పీనసమన్నారు. నేటి వైద్యులు సైనసైటిస్ అంటున్నారు.

ఈ బాధ వచ్చినప్పుడు మాలో రెండు వర్గాలు ఏర్పడుతున్నాయి. ఒక వర్గం వారు ఆ సాయంత్రమే మందుల షాపుకు వెళ్ళి, వైద్యుని చీటీ లేకుండానే యాంటీబయోటిక్ మాత్రలు తెచ్చుకొంటారు. రెండవ వర్గం వారు అమ్మమ్మ చెప్పిన చిట్కా తప్ప మరొకటి ఎరుగమని, ఎన్ని రోజులైనా ఓర్చుకొంటారు. ఈ రెండు మార్గాలూ సరియైనవి కావని మా అభిప్రాయం.

మన ముఖంలోని ఎముకల మధ్య, ముక్కుకు ఇరుప్రక్కల నాలుగు జతల గాలి గదులున్నాయి. వాటి సన్నని ద్వారాలు ముక్కులోనికి తెరుచుకొంటాయి. జలుబు చేసినప్పుడు లోపలి పొర వాచి ఆ ద్వారాలు మూసుకుపోతాయి. చీమిడి లోపలే నిలిచిపోతుంది. ఆ బరువు, ఆ సలుపు అందువలన కలిగినవే. ఇందుకు కారణం అత్యధిక సందర్భాలలో వైరస్. జలుబు చేసిన నూరుమంది పెద్దవారిలో బాక్టీరియా వలన పీనసం వచ్చేది సుమారు ఇద్దరికి మించదు. యాంటీబయోటిక్ వైరస్‌ను చంపలేదు. కనుక ఆ మాత్రలు తక్కిన వారికి వృథా. పైగా రెండు రోజులు మ్రింగి, కొంచెం తేలిక కాగానే మానివేయటం మనకు అలవాటు. పెన్సిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ బహుమతి అందుకొన్నప్పుడే, చాలీచాలని మోతాదులో మందు వాడితే సూక్ష్మజీవులు దానికి లొంగకుండా తయారవుతాయని హెచ్చరించాడు. ఆ మాటను మనం ఇంకా చెవిని పెట్టలేదు.

మరి ఇంటివైద్యం సంగతి ఏమిటి? దానిని తేలికగా త్రోసిపుచ్చేవారితో మేము ఏకీభవించము. అతిమధురం, ఉన్నాబ్, బనఫ్షా వేసి కాచిన యునానీ జోషాందా గాని, శొంఠి మిరియాల కషాయం గాని, వేడి చారు గాని గొంతుకు హాయినిస్తాయి, ఒంటికి కావలసిన ద్రవాన్ని ఇస్తాయి. 1920లో హైదరాబాదులో పుట్టిన జిందా తిలిస్మాత్ చిన్న సీసా ఈనాటికీ అనేక గృహాలలో కనబడుతుంది. ఇటువంటి ఘాటైన తైలాల వాసనతో ముక్కు తెరుచుకొన్నట్లు తోస్తుంది. ఆ హాయిని మేము కాదనము. అయితే హాయి వేరు, రోగం నయం కావటం వేరు.

అన్నిటికంటె మేలైనది ఉప్పునీటితో ముక్కు కడుగుకొనటం. యోగాభ్యాసంలోని జలనేతి ఇదే. వుజూలో ముక్కును నీటితో శుభ్రపరచుకొనే ఆచారం కూడ మనకు తెలిసినదే. 2016లో ఇంగ్లండులో తరచు సైనస్ బాధకు లోనయ్యే 871 మందిపై జరిపిన పరిశోధన ఫలితాలు వెలువడినవి. ఉప్పునీటితో కడుగుకొన్న వారికి కొంత మేలు కలిగింది. ఆవిరి పట్టిన వారికి తలనొప్పి కొంత తగ్గటం తప్ప చెప్పుకోదగిన గుణం కనబడలేదు. మరిగే నీటి గిన్నెను ఒడి ముందు పెట్టుకొని, దుప్పటి కప్పుకొని కూర్చుండి, కాళ్ళు కాల్చుకొన్న మిత్రుని మేము మా కళ్ళతో చూచినాము. ఆవిరి పట్టదలచినవారు గిన్నెను కదలని బల్లపై ఉంచుకొనటం మంచిది. పసిపిల్లలకు ఆ పద్ధతి అసలు వద్దు.

ముక్కు కడుగుకొనటానికీ ఒక నియమమున్నది. నల్లా నీటిని అలాగే వాడరాదు. 2011లో అమెరికాలోని లూసియానా రాష్ట్రంలో శుద్ధి చేయని నల్లా నీటితో ముక్కు కడుగుకొన్న ఇద్దరు, మెదడును తినివేసే అమీబా సోకి మరణించారు. మన కేరళలోను 2024, 2025 సంవత్సరాలలో అమీబా మెదడువాపుతో మరణాలు సంభవించాయి. అర లీటరు నీటిని ఒక నిమిషమైనా తెర్ల కాచి, చల్లార్చి, అందులో ఒక చిన్న చెంచాడు ఉప్పు కలిపితే చాలు. వాడిన పాత్రను ప్రతిసారి కడిగి ఆరబెట్టాలి.

ఇక హద్దు విషయం. పది రోజులైనా తగ్గకపోయినా, తగ్గినట్లే తగ్గి మరల ముదిరినా వైద్యుని దర్శించాలి. కంటి చుట్టూ వాపు, చూపు మసకబారటం, తీవ్రమైన తలనొప్పి, మెడ బిగుసుకొనటం, అధిక జ్వరం కనబడితే పది రోజులు కాదు, ఒక్క రోజు కూడ ఆగరాదు. 2021లో కోవిడ్ రెండవ విజృంభణ వెనువెంటనే నల్ల ఫంగస్ ఎందరి కన్నులను, ఎందరి ప్రాణాలను బలిగొన్నదో మనం మరువలేదు. ఆనాడు కోఠీలోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి ఆ రోగులతో నిండిపోయింది. ఆ వ్యాధి సాధారణంగా ముక్కులో, సైనస్ గదులలోనే ఆరంభమయ్యేది. అదుపులో లేని మధుమేహం గలవారు దానికి ఎక్కువగా గురి అయ్యారు. మన ఇళ్ళలోని పెద్దలలో ఎందరికి మధుమేహమున్నదో తలచుకొంటే, ఈ హద్దు ఎంత ముఖ్యమో బోధపడుతుంది.

కళాశాల కమిటీ వారికి మా మనవులు మూడు. వసతిగృహంలో శీతకాలమంతా కాచిన నీరు లభించే ఏర్పాటు చేయించవలెను. నెలకొకసారియైనా ఒక వైద్యుడు వచ్చి విద్యార్థులను పరీక్షించేటట్లు చూడవలెను. పైన చెప్పిన ప్రమాద చిహ్నాలను ఉర్దూలోను, తెలుగులోను వ్రాయించి ప్రతి అంతస్తులో గోడకు అంటించవలెను. వీటికయ్యే ఖర్చు స్వల్పం.

విద్యార్థి సోదర సోదరీమణులకు ఒక్క మాట. అమ్మమ్మ కషాయాన్ని గౌరవించండి, వైద్యుని చీటీనీ గౌరవించండి. ఏది ఎప్పుడు అవసరమో తెలుసుకొనకపోతే మనం చదివిన చదువుకు ప్రయోజనమేమి?