నీళ్ళకు లేని కులం చెరువు గట్టుకెందుకు?

వారాసిగూడ, తార్నాకల్లో కూర్చుని మాట్లాడుకునేవాళ్ళు డెల్టా మాటొస్తే ఒకటే అంటారు: "వాళ్ళకేం, ఊరూరా చెరువులే!" నిజమే. 1852లో ధవళేశ్వరం దగ్గర గోదావరికి, 1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్టలు లేచాయి. కాలవలొచ్చాయి. వేసవిలో కాలవ కట్టేసేలోపే ఊరి చెరువులు నింపుకుంటారు. సముద్రం దాపు ఊళ్ళల్లో బోరేస్తే ఉప్పునీళ్ళే. అంటే చెరువు ఎవరి చేతిలో ఉంటే ఊరి గొంతు వాళ్ళ చేతిలో ఉన్నట్టే.

కారంచేడును మరిచిపోతామా? 1985 జులై 16న మాదిగపల్లె తాగే చెరువు దగ్గర కమ్మ కుర్రాళ్ళు గేదెలు కడుగుతుంటే ఆ మురికి చెరువులో పడుతోంది. ఇదేం పనని మనవాళ్ళు అడిగారు. కొట్టబోతే మున్నంగి సువార్తమ్మ చేతిలో బిందె ఎత్తింది. అదీ నేరం! తెల్లారి పల్లె మీద పడి ఆరుగురిని చంపారు, ఆడవాళ్ళను చెరిచారు. సుప్రీంకోర్టు చివరి తీర్పు 2008లో గానీ రాలేదు.

1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ అంబేడ్కర్ వేలమందితో చవదార్ చెరువు నీళ్ళు తాగాడు. మైలపడిందని సవర్ణులు ఆ చెరువును ఆవుపేడతో, ఆవు పంచితంతో శుద్ధి చేశారు. మనం ముట్టుకుంటే చెరువు మైల. మనం తాగే నీళ్ళలో వాళ్ళ గేదెల మురికి కలిస్తే మాత్రం మైల కాదు!

ఇప్పుడు డెల్టాలో చెరువులు ఇంకా పెరిగాయి. అవి తాగేవి కావు, రొయ్యల చెరువులు, చేపల చెరువులు. వరిచేను ఉంటే మన ఆడవాళ్ళకు నాట్లు, కోతలన్నా ఉండేవి. రొయ్యకు నాటు లేదు, కలుపు లేదు. కూలీ పోయింది. పైగా ఉప్పు నేలలోకి దిగుతోంది, మురికి కాలవల్లోకి వస్తోంది. తీరంలో అడ్డగోలు రొయ్యల చెరువులు తీసెయ్యమని 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు చెప్పింది. అంత తీర్పు వచ్చాక కూడా గట్లు లేస్తూనే ఉన్నాయంటే, గట్టు ఎవరిదో వేరే చెప్పాలా?

రాజ్యాంగం 15వ అధికరణం బావులు, చెరువులు, స్నానఘట్టాలు అని పేరుపెట్టి మరీ మన హక్కు రాసింది. ఎస్సీ, ఎస్టీలు వాడుకునే నీళ్ళను చెడగొడితే 1989 అట్రాసిటీ చట్టం మూడో సెక్షన్ కింద నేరం. ఈ మాట పల్లెపల్లెకూ చేరాలి.

మనం అడగాల్సింది ఓ ట్యాంకరు నీళ్ళు కాదు. గ్రామసభలో లేచి అడుగుదాం: ఊరి చెరువు రికార్డు చూపించండి, మన పల్లె చెరువు ఎవరి ఆక్రమణలో ఉందో తేల్చండి, మురికి వదిలినవాడి మీద కేసు పెట్టండి. దానం చేసిన నీళ్ళు ఏ రోజైనా ఆగుతాయి. హక్కుగా తెచ్చుకున్న చెరువు మన పిల్లలకు కూడా మిగులుతుంది. సువార్తమ్మ ఎత్తిన బిందెను మనం దించకూడదు.