పసుపు దగ్గరే అసలు ఆట

ఎండాకాలం మధ్యాహ్నాల్లో బేతంచెర్లలో బయట తిరగాలంటే నాపరాయి మీద కాలు పెట్టినట్టే. అందుకే ఇంట్లో కూర్చుని ఫోన్‌లో రైలు నడుపుతుంటా. ఆ రోజు గుంతకల్లు నుంచి మామ వచ్చాడు. లోకో పైలట్‌గా చేసి రిటైర్ అయిన మనిషి. పక్కన కూర్చుని పది నిమిషాలు కిమ్మనకుండా చూశాడు.

పసుపు సిగ్నల్‌ని తొంభై స్పీడులో దాటేశా. ఎదురుగా ఎర్ర దీపం. బొటనవేలితో బ్రేక్ నొక్కితే రైలు ఆటోలా టక్కున ఆగింది. పాయింట్లు కూడా పడ్డాయి! గర్వంగా మామ వైపు చూశా.

"వెనక ఎన్ని పెట్టెలుండాయిరా?"

"ఇరవై నాలుగు మామా."

"అన్నీ అట్టపెట్టెలా?"

తర్వాత గంటసేపు క్లాసు. "ఎర్ర దీపాన్ని చూసి బ్రేక్ ఏసేటోడు డ్రైవరే కాదు. పసుపు కాడ్నే ఆపేది మొదలుపెట్టాల" అన్నాడు.

ఎందుకంటే లోడుతో ఉన్న గూడ్స్ బరువు నాలుగైదు వేల టన్నులు. బ్రేక్ వేశాక ఆగడానికి కిలోమీటరు దాకా పట్టొచ్చు. అందుకే స్టేషన్ హోమ్ సిగ్నల్‌కి కిలోమీటరు ముందే డిస్టెంట్ సిగ్నల్ ఉంటుంది. అది ఎప్పుడూ ఎరుపు చూపించదు. ఒక పసుపు అంటే 'తర్వాతి సిగ్నల్ దగ్గర ఆగడానికి సిద్ధంగా ఉండు'. రెండు పసుపులంటే 'తర్వాతి సిగ్నల్‌ని తగ్గించిన వేగంతో దాటడానికి రెడీ అవ్వు'. పచ్చ అంటే దారి క్లియర్.

మరి మీరు ఆడే గేమ్‌లో సిగ్నళ్లు నిజంగా నిజమైనవేనా? మామ క్లాసు విన్నాక నేను మూడు పరీక్షలు పెట్టుకున్నా. మన రైల్వే సిగ్నళ్లే చూపిస్తున్నామంటూ డిస్టెంట్‌లో ఎరుపు చూపిస్తే ఫెయిల్. లూప్ లైన్లోకి మళ్లించేటప్పుడు హోమ్ సిగ్నల్ మీద పసుపుతో పాటు ఏటవాలుగా తెల్ల దీపాల వరస వెలగాలి, లేకపోతే ఫెయిల్. మూడోదే ముఖ్యం: మీరు ఆగగానే ఎరుపు పచ్చగా మారిపోతే, అది సిగ్నల్ కాదు, సీరియల్ సెట్టు! నిజంగా ఎరుపు ఉందంటే దానికో కారణం ఉంటుంది. మామూలు బ్లాక్ పద్ధతిలో రెండు స్టేషన్ల మధ్య ఒక లైన్ మీద ఒక్క రైలే ఉండాలి. అది అవతలి స్టేషన్ చేరేదాకా మీకు పచ్చ రాదు.

"ఆటే కదా మామా, ఇంత సీరియస్ ఎందుకు?" అన్నా. ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత పెనుకొండ సంగతి చెప్పాడు.

2012 మే 22 తెల్లవారుజాము. బెంగళూరు వెళ్తున్న హంపి ఎక్స్‌ప్రెస్ పెనుకొండలో ఎర్ర సిగ్నల్ దాటి, ఆగి ఉన్న గూడ్స్‌ని వెనక నుంచి ఢీకొట్టింది. పాతిక మంది దాకా చనిపోయారు. మా గుంతకల్లు మీదుగా పోయే బండే అది. అందుకే ఇంజిన్లో లోకో పైలట్, అసిస్టెంట్ ఇద్దరూ ప్రతి సిగ్నల్ రంగూ పైకి చెప్పుకుంటారు. మనిషి పొరపడినా బండే బ్రేక్ వేసుకునేలా 'కవచ్' తెచ్చిందీ అందుకే. 2022 మార్చిలో సికింద్రాబాద్ డివిజన్లో రెండు బండ్లను ఎదురెదురుగా నడిపి పరీక్షిస్తే, 380 మీటర్ల దూరం ఉండగానే ఇంజిన్ దానంతటదే ఆగింది.

ఆ రాత్రి కంప్యూటర్లో ఓపెన్ రైల్స్ ఎక్కించుకున్నా. ఫ్రీగానే దొరుకుతుంది. అందులో ఎరుపు దాటాలంటే ట్యాబ్ కీ నొక్కి పర్మిషన్ అడగాలి. ఇవ్వకపోతే ఆగాల్సిందే. పసుపు చూడగానే "ఎల్లో!" అని గట్టిగా అరిచి బ్రేక్ మొదలుపెట్టా. బండి లూప్ లైన్లో నిలబడింది. ఐదు నిమిషాలు, పది నిమిషాలు... స్క్రీన్ మీద ఏదీ కదలడం లేదు.

అమ్మ తొంగిచూసింది. "ఏందిరా, కంప్యూటర్ ఆగిపోయిందా?"

"లేదుమా. ఎదురు బండి రావాల."

పక్క మంచం మీద పడుకున్న మామ కళ్లు తెరవకుండానే అన్నాడు: "ఇప్పుడు నడుపుతాండావ్."